కదలని పన్నెండు

దార్ఖాన్ థర్మల్ స్టేషన్‌లో నా మొదటి పాఠం
"పుస్తకం అక్కడ పెట్టు. ముందు వాసన చూడు."
గోంబోసురెన్ గారు ప్యానెల్ తలుపు తెరిచారు.
బొగ్గు దుమ్ము, పాత బేకలైటు,
ఎక్కడో వదులైన స్క్రూ దగ్గర
సన్నగా మాడుతున్న ఇన్సులేషన్.
మీటరు కంటే ముందు
ముక్కుకు తెలిసింది.

నాలుగేళ్ళు ఉలాన్‌బాతర్‌లో చదివినదాన్ని.
స్టార్-డెల్టా బొమ్మ కళ్ళు మూసుకుని గీస్తాను.
ఇక్కడ అదే బొమ్మ
ఇనప బీరువాలోంచి ఢామ్మని మాట్లాడేసరికి
రెండడుగులు వెనక్కి గెంతాను.
ఆయన నవ్వలేదు.
"గెంతడం మంచిదే" అన్నారు,
"గెంతని వాళ్ళని ఇద్దర్ని మోశాను నేను."
ఇంకేం చెప్పకుండా
ఉప్పు వేసిన పాలచాయ్ తాగేశారు.

నా పేరు చెక్కిన ఎర్ర తాళం ఇచ్చారు.
బ్రేకర్ దించి తాళం వేశాక
చెవి నా మెడలోనే ఉండాలి.
ఎవరడిగినా ఇవ్వకు.
నేనడిగినా.

తీగ చచ్చిందో లేదో చూసేముందు
మీటరు బతికుందో లేదో చూడాలి.
కరెంటున్న చోట ఒకసారి, తాళం వేసిన చోట ఒకసారి,
మళ్ళీ కరెంటున్న చోట.
సాక్షి చేత రెండుసార్లు ప్రమాణం చేయించాలి,
ఒక్కసారికి నమ్మితే
నీ ప్రాణానికి నువ్వే పూచీ.

నాలుగు మిల్లీయాంపుల నుంచే ఎందుకు మొదలు,
సున్నా ఏం పాపం చేసింది అన్నాను.
పరీక్షలో దీనికి నాకు అయిదుకి అయిదు.
జవాబు తెలిసే అడిగాను, పొగడ్త కోసం.
"నేను ఖాళీ అని చెప్పడానికైనా
తొట్టికి నోరుండాలి కదమ్మా.
ఆ నోటి కూలి నాలుగు.
సున్నా వచ్చిందంటే
తొట్టి ఖాళీ కాలేదు, నోరు పోయింది."
నా అయిదు మార్కులు
అక్కడే రాలిపోయాయి.

జనవరి. బయట మైనస్ ముప్ఫై ఎనిమిది.
అయిదో బాయిలర్‌కి వెళ్ళే నీటి ప్రవాహం
తెరమీద సరిగ్గా పన్నెండు.
ఎగుడుదిగుళ్ళు లేని గీత.
నాకు ముచ్చటేసింది.
లాగ్‌బుక్‌లో గుండ్రటి అక్షరాలతో రాశాను:
స్థిరంగా ఉంది.

ఆయన చదివి అడిగారు,
"ఎంతసేపట్నించి?"
"రెండు గంటలు."
"నీ మణికట్టు పట్టుకుని చూసుకో,
అదైనా రెండు గంటలు ఒకేలా కొట్టుకుంటుందా?"

నాకు కడుపులో చల్లబడింది.
ముందు లూపుని మాన్యువల్‌లో పెట్టించారు,
డ్రమ్ము మట్టం మీద కన్నేసి ఉండమని
ఎన్‌ఖ్‌తూయాని కూర్చోబెట్టారు.
తర్వాత ఉత్తరపు గోడ మెట్లెక్కాం.
అక్కడ కిటికీ అద్దం ఒకటి పగిలి,
గాలి తిన్నగా ట్రాన్స్‌మిటర్ పెట్టె మీదికి.
గ్లవ్ తీసి, చేతి వెనకభాగం
సన్నటి గొట్టానికి ఆనించమన్నారు.
వెచ్చగా ఉండాల్సిన గొట్టం
చర్మాన్ని అంటుకుని లాగింది.

లోపల నీరు గడ్డకట్టింది.
రెండు గంటల కిందటి ఒత్తిడిని
మంచు పళ్ళమధ్య బిగబట్టుకుని
అదే చెబుతోంది, అదే చెబుతోంది.
హీటింగ్ తీగ బ్రేకర్
ఎప్పుడో కిందికి పడిపోయి ఉంది.
దాన్ని చూసే పని
ఆ షిఫ్టులో నాదే.

మంట చూపించబోతే చెయ్యి మీద కొట్టారు.
గోనె చుట్టి వేడినీళ్ళు పోశాం,
బకెట్టు తర్వాత బకెట్టు,
మీసాల మీద ఆవిరి మంచై పేరుకునేదాకా.
కింద ఊరంతా మా నీళ్ళ వేడిమీద నిద్రపోతోంది,
రేడియేటర్ల మీద ఆరేసిన
పిల్లల మేజోళ్ళతో సహా.

రేడియోలో ఎన్‌ఖ్‌తూయా గొంతు:
పదకొండు పాయింట్ ఆరు.
పన్నెండు పాయింట్ మూడు.
పదకొండు పాయింట్ తొమ్మిది...
వణుకుతోంది, వణుకుతోంది అని అరుస్తోంది.

గుండ్రటి అక్షరాలు కొట్టేసి
కింద వంకరగా రాశాను,
వేళ్ళకి ఇంకా స్పర్శ రాలేదు:
కదులుతోంది. బాగుంది.
ఆయన సంతకం పెట్టి
హీటింగ్ బ్రేకర్ గురించి ఒక్క మాటా అనలేదు.
అన్నా బాగుండేది.

పగిలిన అద్దానికి అట్టముక్క అంటించాం.
ఇప్పుడు మార్చి.
ఇంకా అట్టముక్కే ఉంది.